దుర్గాబాయి దేశ్‌ముఖ్: కాకినాడ నుండి బాలవాడీ వరకు

రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళా సభ సంస్థాపకురాలిగా శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ మన విద్యార్థులకు సుపరిచితులే. 1909లో రాజమహేంద్రవరంలో జన్మించిన ఆమె బాల్యం కాకినాడలో గడిచింది. ఆమె శిశుసంక్షేమ కృషికి మూలం అక్కడనే ఉన్నదని మేము భావిస్తున్నాము.

1921లో గాంధీజీ కాకినాడకు విచ్చేసినప్పుడు దేవదాసీలూ, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలూ ఆయనను దర్శించాలని, పన్నెండేళ్లయినా నిండని దుర్గాబాయి పట్టుబట్టారు. నిర్వాహకులు ఐదువేల రూపాయల నిధి కోరగా అదీ సమకూర్చారు. ఆ స్త్రీలకై వేరుగా సభ జరిగింది. బహిరంగసభకు రాలేని ఇల్లాలిని చేరుకొనే మార్గమేది అన్న ప్రశ్న ఆమెకు అప్పుడే ఎదురైంది.

1953లో ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ప్రథమాధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏటినుండి గ్రామాలలో సంక్షేమ విస్తరణ పథకాలు వెలిశాయి. బాలవాడీ, ప్రసూతి సేవ, స్త్రీలకు అక్షరాస్యత, చేతిపనులు అన్నీ అందులో భాగాలే. బిడ్డ పేరు చెప్పి గ్రామసేవిక తల్లి గడప తొక్కగలిగింది. మా దృష్టిలో ఆ పథకాల సారమంతా ఇదే.

అయితే ఫలితాన్ని కొలవడమెట్లు? హాజరుపట్టీ పిల్లలను లెక్కిస్తుంది. చంటివాణ్ణి ఎత్తుకొని ఇంటనే నిలిచిపోయిన అక్క ఇప్పుడు బడికి పోతున్నదా అన్నది అందులో కనబడదు. ఇంటికి పోయి అడగవలసిందే. ఇటువంటి సాంఘిక పరిశోధనకు ఆమె 1962లో సాంఘికాభివృద్ధి మండలిని నెలకొల్పారు. 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం గృహసందర్శనాన్ని అంగన్‌వాడీ కార్యకర్త విధులలో చేర్చింది. 1981లో పరమపదించిన దుర్గాబాయి ఆ పథకం తొలి ఏండ్లను చూడగలిగారు.