పట్టు వదిలి సైకిల్ పట్టిన వెలోసియో

ఈసారి గోడపత్రికకు ఒక ప్రముఖుడి జీవితం రాయాలని మేడం చెప్పగానే మా క్లాసులో గురజాడ, కందుకూరి, గిడుగు, దుర్గాబాయి అని అందరూ పేర్లు పంచేసుకున్నారు. నేను వెనక బెంచీలో ఉన్నాను కాబట్టి నా దాకా వచ్చేసరికి పెద్దపెద్ద పేర్లన్నీ అయిపోయాయి. అందుకని నేను మీలో చాలామంది విని ఉండని ఒక ఫ్రెంచి పెద్దాయన గురించి రాస్తున్నాను. ఆయన దేశంలో, సైకిల్ తొక్కేవాళ్ల మధ్య, ఆయన చాలా ప్రసిద్ధుడు. అసలు పేరు పాల్ ద వివి. పత్రికలో రాసుకున్న పేరు వెలోసియో.

ఆయన నాకెలా తెలిశారో ముందు చెప్పాలి. ఆదివారం మా మేడ మీదికి వస్తే మనుషుల కంటే సైకిళ్లే ఎక్కువ కనిపిస్తాయి. మా అన్నకీ, అతని స్నేహితులకీ అదే లోకం. ఒకడు పాత సామాను అంగడిలో స్టీలు ఫ్రేము కొని, రంగు గీకి, మళ్లీ రంగు వేసి ఆరు నెలలు ఆ ఒక్క బండే కడతాడు. ఇంకొకడు కార్బన్ బండి తెచ్చి ఒంటి చేత్తో ఎత్తి చూపిస్తాడు. ఎవరి చక్రం తేలిక, ఎవరి ఫ్రీవీల్‌కి ఎన్ని పళ్లు, ఏ టైరు బాగా పరిగెత్తుతుంది అని మధ్యాహ్నం దాకా వాదించుకుంటారు. మా అమ్మ కన్నడలో తిడుతుంది, నాన్న తెలుగులో తిడతాడు. రెండూ వాళ్లకు ఎక్కవు.

పోయిన జనవరిలో నేనూ వాళ్లతో నందికొండకు బయల్దేరాను. అన్న పాత గేర్ల సైకిల్ నాకిచ్చాడు. కొండ మొదలయ్యే చోట గుంపులో ఒకతను, అన్నిటికంటే తేలికైన గేరుకు అజ్జి గేరు అని పేరనీ, అది వేసేవాళ్లు కొండ ఎక్కినట్టు లెక్క కాదనీ నవ్వుతూ అన్నాడు. తమాషాకే అన్నాడు, కానీ నాకు గట్టిగా తగిలింది. నేను ఆ గేరు ముట్టుకోలేదు. పట్టుదలగా బరువు గేరులోనే తొక్కాను. సగం దూరం కూడా పోకముందే మోకాళ్లు పట్టేశాయి. దిగి తోసుకుంటూ నడిచాను. నన్ను దాటిపోయిన ప్రతి బండీ నన్నే చూస్తున్నట్టనిపించింది. ఆ తర్వాత మూడు వారాలు సైకిల్ ముట్టలేదు. అప్పుడు అన్న నాకు వెలోసియో సంగతి చెప్పాడు. మిగతాది నేనే వెతుక్కుని చదివాను.

పాల్ ద వివి 1853లో ఏప్రిల్ 29న ఫ్రాన్సు దక్షిణాన, ప్రోవాన్స్ ప్రాంతంలోని పెర్న్ అనే ఊళ్లో పుట్టారు. పెద్దయ్యాక పట్టు వ్యాపారంలో దిగారు. సెంతెతియెన్ అనే పట్టణంలో స్థిరపడ్డారు. ఆ పట్టణానికి బొగ్గు గనులు, తుపాకుల కర్మాగారాలు, పట్టు రిబ్బన్ల మగ్గాలు పేరు తెచ్చాయి. పట్టు అనగానే నాకు మా తాత గుర్తొచ్చాడు. తాత చిక్కబళ్లాపురంలో ఉన్నప్పుడు పట్టుగూళ్ల పని మీద శిడ్లఘట్టకు సైకిల్ మీదే పోయి వచ్చేవాడట. ఆ బండికి గేర్లు లేవు. మిట్ట వస్తే దిగి తోయడమే.

1881లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, వివి మొదటిసారి సైకిల్ కొన్నారు. అప్పటి సైకిల్ అంటే ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుండి, వెనక చక్రం చిన్నగా ఉండేది. దాని మీంచి పడితే తల ముందు నేలకు తగిలేది. ఆ బండి ఆయన్ని పూర్తిగా లాగేసుకుంది. 1887లో పట్టు వ్యాపారం వదిలేసి, సెంతెతియెన్‌లోనే సైకిళ్ల అంగడి తెరిచారు. ఇంగ్లండులోని కొవెంట్రీ నుంచి బండ్లు తెప్పించి అమ్మేవారు. అదే ఏడాది ఒక పత్రిక కూడా మొదలుపెట్టారు. తర్వాత దానికి ల సిక్లిస్ట్ అనే పేరు స్థిరపడింది. బాగా నడుస్తున్న వ్యాపారం మానేసి, అప్పటికి ఇంకా వింత వస్తువైన సైకిల్‌ని నమ్ముకోవడం అంటే ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో మనం ఊహించుకోవచ్చు. మా ఇంట్లో అయితే అన్నం పెట్టేవాళ్లు కాదు.

1889లో ఆయన సొంతంగా ఒక బండి తయారుచేయించారు. దాని పేరు లా గోల్వాజ్. ఇప్పుడు మనం చూసే సైకిల్ లాగే రెండు సమానమైన చక్రాలు, మధ్యలో వజ్రం ఆకారపు ఫ్రేము, ఒక చైన్, ఒకటే గేరు.

సెంతెతియెన్ దాటి దక్షిణానికి పోవాలంటే ఒక కనుమ ఎక్కాలి. దాని పేరు కోల్ ద లా రెపుబ్లిక్, ఎత్తు 1161 మీటర్లు. మన నందికొండ 1478 మీటర్లు కాబట్టి మనకు అది పెద్ద ఎత్తుగా అనిపించదు. కానీ పెద్ద కొండైనా చిన్న కొండైనా ఒకే గేరుతో ఎక్కడం మోకాళ్లకు శిక్షే. ఒకరోజు ఆయన ఆ దారిలో చెమటలు కక్కుతూ ఎక్కుతుంటే, ఆయన పత్రిక చదివే ఒకాయన నోట్లో పైపు పెట్టుకుని తాపీగా దాటిపోయాడని ఒక కథ ఉంది. ఆయనకు ఆ రోజు సిగ్గు వేసిందో లేదో తెలియదు కానీ, ఆలోచన మాత్రం పుట్టింది.

గేరు అంటే ఏమిటో సైకిల్ అలవాటు లేనివాళ్ల కోసం చెబుతాను. పెడల్ దగ్గర పళ్ల చక్రం ఒకటుంటుంది, వెనక చక్రం దగ్గర ఒకటుంటుంది. ముందు 48 పళ్లు, వెనక 16 పళ్లు అనుకోండి. పెడల్ ఒక్కసారి తిరిగితే వెనక చక్రం మూడుసార్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లయితే ఒక్క పెడల్ చుట్టుకు బండి 6.3 మీటర్లు పోతుంది. చదును దారిలో ఇది బాగుంటుంది. అదే వెనక 24 పళ్లుంటే చక్రం రెండుసార్లే తిరుగుతుంది, బండి 4.2 మీటర్లే పోతుంది. వేగం తగ్గుతుంది, కానీ కాలి మీద బరువు కూడా తగ్గుతుంది. కొండ అంతే ఎత్తు, మన ఒంట్లో శక్తి అంతే. దాన్ని ఒక్కసారిగా ఖర్చు పెట్టాలా, కొంచెం కొంచెంగా పెట్టాలా అన్నదే తేడా. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ గేరుని ఒక చుట్టుకు ఎన్ని మీటర్లు అనే కొలుస్తారు.

వివి మొదట పెడల్ దగ్గర రెండు పళ్ల చక్రాలు పెట్టారు. కొండ రాగానే దిగి, చేత్తో చైన్ ఎత్తి చిన్నదాని మీద వేసుకోవాలి. చేతులకు నల్లటి నూనె అంటుతుంది, అయినా మోకాళ్లు బతుకుతాయి. తర్వాత చక్రానికి రెండో పక్క కూడా పళ్లు పెట్టి గేర్ల సంఖ్య పెంచారు. ఇంగ్లండులో ఎవరు ఏ కొత్త యంత్రం చేసినా తెప్పించి చూసేవారు. దిగకుండా, తొక్కుతూనే చైన్‌ని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే పద్ధతి, అంటే ఈరోజు మనం డిరెయిలర్ అనేది, రావడానికి ఆయనా ఆయన చుట్టూ చేరినవాళ్లూ చేసిన ప్రయత్నాలు చాలా తోడ్పడ్డాయి.

నాకు ఎక్కువ నచ్చింది ఆయన పోల్చే తీరు. మా మేడ మీద వాదన అంతా కూర్చునే జరుగుతుంది. ఆయన మాత్రం బండి తొక్కి చూసి రాసేవారు. ఏ గేరుతో ఏ కనుమ ఎక్కినదీ, ఎంతసేపు పట్టినదీ, ఏం తిన్నదీ, ఎక్కడ అలసిపోయినదీ అన్నీ పత్రికలో పెట్టేవారు. సన్న టైర్లే వేగం అని అందరూ నమ్మే రోజుల్లో చిన్న చక్రాలకు లావు టైర్లు వేసి దూరాలు తొక్కి చూశారు. తప్పు తేలితే తప్పని రాసేవారు. పాఠకులు తమ లెక్కలు పంపేవారు. అలా సెంతెతియెన్ చుట్టూ ఒక బడి లాంటిదే తయారైంది. ఆయన మాంసం ముట్టేవారు కాదు. ఎస్పెరాంతో భాష నేర్చుకుని ప్రచారం చేశారు. రాత్రంతా తొక్కి తెల్లారేసరికి పుట్టిన ప్రాంతమైన ప్రోవాన్స్ చేరుకోవడం ఆయనకు పండగ. దూరం పోయేవాళ్ల కోసం కొన్ని నియమాలు కూడా రాశారు. వేళకు తినడం, తాగడం, విశ్రాంతి గురించి అందులో చెప్పారు. అన్నిటికంటే చివర, గొప్ప కోసం తొక్కవద్దని చెప్పారు. అది చదివినప్పుడు నాకు నందికొండ గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

ఇప్పుడు మార్త్ ఎస్ గురించి చెప్పాలి. 1902లో టూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ అనే సంస్థ పిరెనీస్ పర్వతాల్లో, 2115 మీటర్ల తూర్మలే కనుమ దారిలో ఒక పోటీ పెట్టింది. అది మనుషుల కంటే బండ్లకు పరీక్ష. ఏ సైకిల్ కొండలకు పనికొస్తుందో తేల్చాలని పెట్టారు. పేరున్న పందెగాళ్లు కూడా వచ్చారు. అందులో మార్త్ ఎస్ అనే ఆమె మూడు గేర్ల గోల్వాజ్ మీద వచ్చింది. వెలోసియో బడికి చెందిన మనిషి. ఆడవాళ్లు సైకిల్ ఎక్కడమే తప్పని చాలామంది అనుకునే కాలం అది. ఆమె కాలు కింద పెట్టకుండా ఆ కనుమ ఎక్కేసింది. ఈ సంగతి చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

అంత జరిగినా అందరూ ఒప్పుకోలేదు. పత్రికా సంపాదకుడు, 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టినవాడు అయిన ఆంరి దెగ్రాంజ్ గేర్లకు గట్టి వ్యతిరేకి. వయసు మళ్లినవాళ్లకు గేర్లు సరేగానీ, కుర్రవాడు కండబలంతోనే గెలవాలని ఆయన వాదన. అంటే అజ్జి గేరు అనే మాట అప్పుడే పుట్టిందన్నమాట! తన పందెంలో డిరెయిలర్‌ని రానివ్వలేదు. వెనక చక్రానికి రెండు పక్కలా పళ్లు పెట్టుకుని, కొండ వచ్చినప్పుడు దిగి చక్రం ఊడదీసి తిప్పి బిగించుకునేవారు ఆ పందెగాళ్లు. 1937లో గానీ అనుమతి రాలేదు. ఆ ఏడాది గెలిచిన రొజే లాపెబీ డిరెయిలర్ ఉన్న బండి మీదే గెలిచాడు.

అది చూడటానికి వెలోసియో లేరు. 1930లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, సెంతెతియెన్ వీధిలో సైకిల్‌తో ఉండగా ట్రాము తగిలి పోయారు. నలభై ఏళ్లకు పైగా ఒకే మాట చెప్పిన మనిషి, ఆ మాట నెగ్గడానికి ఏడేళ్ల ముందు వెళ్లిపోయారు. కానీ ఆయన బతికుండగానే, 1922 నుంచి, ఆయన పేరు మీద ఏటా జనం అదే కనుమ ఎక్కడం మొదలుపెట్టారు. అక్కడ ఆయనకు స్మారకం ఉంది. ఈస్టర్ సమయంలో ఆయన పేరుతో జట్లు జట్లుగా ఇరవై నాలుగు గంటలు తొక్కే ఆనవాయితీ ఇంకా ఉంది.

చివరగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను పీయూసీ దాకా కన్నడ మీడియంలో చదివాను. తెలుగు మాట్లాడటం పుట్టినప్పటి నుంచీ వచ్చు గానీ, అక్షరాలు మన డిపార్ట్‌మెంట్‌కి వచ్చాకే నేర్చుకున్నాను. ఏది రాసినా ముందు కన్నడ లిపిలో తెలుగు రాసుకుని, తర్వాత తెలుగు లిపిలోకి ఎత్తి రాస్తాను. ఒకటిన్నర ఏడాదిగా ఆ నోటుబుక్కు ఎవరికీ కనబడకుండా సంచి అడుగున దాచాను. పక్కన కూర్చునేవాళ్లు అడిగితే లెక్కల నోటుబుక్కు అని అబద్ధం చెప్పాను. ఈ వ్యాసం కూడా అలాగే రాశాను. ఈసారి ఆ నోటుబుక్కు బల్ల మీదే పెట్టి రాశాను, మేడం చూశారు కూడా. ఏమీ అనలేదు, రెండు చోట్ల ఒత్తులు దిద్ది ఇచ్చారు.

వచ్చే నెల మళ్లీ నందికి పోతున్నాం. తేలిక గేరు మొదటి మలుపులోనే వేస్తానని అన్నకు ముందే చెప్పేశాను. మీలో ఎవరైనా వస్తానంటే రండి, మా మేడ మీద ఒక బండి ఖాళీగానే ఉంది.