గ్రామ్యమనే నింద – గిడుగు రామమూర్తి పంతులుగారు

గ్రామ్యమంటే గ్రామానికి సంబంధించినది. మాటకు అసలు అర్థమంతే. అలంకారశాస్త్రజ్ఞులు దీనిని కావ్యదోషాలలో ఒకటిగా చేర్చినారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో తెలుగు పత్రికల వాదవివాదాలలో ఈ విశేషణం మరొక పనికి వచ్చింది. చదువుకున్నవారు ఇంటిలోను, సభలోను మాట్లాడుకొనే తెలుగు కాగితం మీదికి రాగానే దానిని గ్రామ్యమనేవారు. పేరు పెట్టడంతోనే తీర్పు కూడా అయిపోయేది. ఆ ఒక్క మాటతో దాదాపు మూడు దశాబ్దాలు పోరాడినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వారు 1863 ఆగస్టు 29న, వంశధారా తీరమందలి శ్రీముఖలింగానికి సమీపాన పర్వతాలపేటలో జన్మించినారు. విజయనగరంలో చదువుకొని, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. పిల్లలకు చరిత్ర చెప్పుతూనే ముఖలింగ దేవాలయ శాసనాలను చదవడం స్వయంగా నేర్చుకొన్నారు. ఆ ప్రాంతపు కొండలలోని సవరలతో మాట్లాడి వారి భాష నేర్చి, వారి పిల్లలకోసం పాఠశాలలు నడిపినారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడినవి. వ్రాత ఎరుగని ఆ భాషలోనూ నియమం ఉన్నది. భాషకు ప్రాణం గ్రంథంలో కాదు, జనుల నోటిలో ఉన్నదని వారికి ఈ కృషి వల్ల దృఢపడినది.

యేట్సు దొర పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన తరువాత, పాఠ్యపుస్తకాల భాషకూ ఉపాధ్యాయుల నోటి భాషకూ గల అంతరం చర్చకు వచ్చింది. గురజాడ అప్పారావుగారు, శ్రీనివాస అయ్యంగారు, రామమూర్తిగారు ఒక పక్షమైనారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారు ఎదుటి పక్షం. పరీక్షలలో వాడుకభాషకు లభించిన వెసులుబాటు నిలువలేదు. గ్రామ్యమన్న నింద ప్రబలింది.

పంతులుగారు నిందకు నిందతో బదులు చెప్పి ఊరుకోలేదు. మాటకు నిర్వచనం అడిగినారు. శిష్టులు నిత్యం వ్యవహరించేది శిష్ట వ్యావహారికమనీ, గ్రామ్యం దానికి వేరనీ విభజించి చూపినారు. పూర్వుల వచనాన్ని సేకరించి గద్యచింతామణి కూర్చినారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజంలో, గ్రాంథికవాదుల గ్రాంథికం కూడా వ్యాకరణానికి నిలువదని నిరూపించినారు. 1919లో తెలుగు అనే మాసపత్రిక స్థాపించినారు. ఆ సంవత్సరమే రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా, గ్రాంథిక వచనానికి పెద్దదిక్కైన వీరేశలింగం పంతులుగారే దానికి అధ్యక్షులైనారు.

అయినా వార్తాపత్రికలు త్వరగా మారలేదు. లోకవార్త బడిలో గ్రాంథికం నేర్చినవారికే అందుతూ ఉండేది. పర్లాకిమిడిలో పంతులుగారి శిష్యులైన తాపీ ధర్మారావుగారు 1930లలో జనవాణిని వాడుకభాషలో నడిపినారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా గురువుగారు రాజమహేంద్రవరానికి తరలిపోయినారు. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులకు, జనులు మాట్లాడే తెలుగులో వ్రాయండని కడసారి విన్నవించినారు. వారం తిరగగానే, జనవరి 22న, కన్నుమూసినారు.

నేడు వారి జన్మదినం తెలుగు భాషాదినోత్సవం. పత్రికలన్నీ వాడుకభాషలోనే వస్తున్నవి. కాని పంతులుగారు గీసిన శిష్ట, గ్రామ్యముల గీత మరొక ప్రశ్నను మిగిల్చింది. శిష్టులెవరు? ఏ సీమవారు? పత్రికలలో కోస్తా జిల్లాల చదువరుల తెలుగే ప్రమాణంగా స్థిరపడగా, తెలంగాణంవారు, రాయలసీమవారు, కళింగాంధ్రులు ఈ ప్రశ్న వేసినారు. ఒకనాటి గ్రామ్యానికి బదులు, యాస అన్న మాట నిందగా వినవచ్చింది. ఉపాధ్యాయుడు విద్యార్థి వ్యాసంలో ఇంటి మాట కింద ఎర్రసిరాతో గీత గీసే ముందు ఒక్క క్షణం ఆగి, అది తప్పా, లేక తనకు అలవాటు లేని ఒప్పా అని విచారించుకోవాలి. పంతులుగారు పత్రికలను జీవితాంతం అడిగినది ఈ విచారణనే.