పాస్టరుగారి అబ్బాయి ఆయిలర్

ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇళ్లలో ‘ప్రస్తారాలు, సంయోగాలు’ అనే పాఠం పేరు వినబడుతూనే ఉంటుంది. వస్తువులను ఎన్ని విధాలుగా అమర్చవచ్చో, అసలు అమర్చడం సాధ్యమో కాదో తేల్చే ఈ విద్యను పెద్ద చదువుల్లో కాంబినేటరిక్స్ అంటారు. దాని ముఖ్య శాఖల్లో మూడింటి మొదట్లో ఒక పాస్టరుగారి అబ్బాయి కనిపిస్తారు. ఆయనే లియోనార్డ్ ఆయిలర్.

1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్‌లో పుట్టారు. తండ్రి పౌల్ సంఘకాపరి. తల్లి కూడా కాపరి కుమార్తే. కొడుకు తన తర్వాత ప్రసంగపీఠం ఎక్కాలని తండ్రి ఆశ. అబ్బాయి వేదాంతమూ గ్రీకు, హెబ్రీ భాషలూ మొదలుపెట్టాడు కూడా. అయితే గణితాచార్యుడు యొహాన్ బెర్నూలీ వచ్చి తండ్రిని ఒప్పించారు. బిడ్డ పుట్టకముందే సేవకు ప్రతిష్ఠించే తల్లిదండ్రులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. సరే అనడం ఆ తండ్రికి ఎంత భారమో వారికి చెప్పనక్కరలేదు. పౌల్ మొక్కు తప్పారని మాత్రం మేము అనుకోము.

1727లో ఆయిలర్ రష్యాలోని పీటర్స్‌బర్గ్ అకాడమీకి వెళ్లారు. ఆ రోజుల్లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో నదిమీద ఏడు వంతెనలుండేవి. ఒక్కో వంతెనను ఒక్కసారే దాటుతూ ఏడూ తిరిగి రాగలమా అన్నది ప్రశ్న. 1735లో ఆయిలర్ కుదరదని తేల్చారు. దారిలో తగిలే ప్రతి చోటికి ఒక వంతెనమీద వచ్చి, మరో వంతెనమీద వెళ్లాలి. అంటే అక్కడి వంతెనలు జతలుగా ఉండాలి. నడక మొదలైన చోటు, ముగిసిన చోటు మాత్రమే ఇందుకు మినహాయింపు. ఆ ఊళ్లో నాలుగు భూభాగాలుంటే నాలుగింటికీ వంతెనలు బేసి సంఖ్యలోనే ఉన్నాయి. దూరాలతో, కొలతలతో పనే లేదు. గ్రాఫ్ థియరీ ఇక్కడ పుట్టింది.

తర్వాత బెర్లిన్ నుండి ఒక గణితజ్ఞుడు ఉత్తరం రాశారు: 50ని ఏడు వేర్వేరు సంఖ్యల మొత్తంగా ఎన్ని విధాల రాయవచ్చు? జవాబు 522. ఆయిలర్ ఒక్కొక్కటి రాసి లెక్కపెట్టలేదు. ఒక పెద్ద గుణకారాన్ని విప్పితే వచ్చే గుణకాల్లోనే జవాబు కనబడేలా చేశారు.

1738 నాటికి కుడికన్ను పోయింది. 1766లో బెర్లిన్ విడిచి పీటర్స్‌బర్గ్‌కు తిరిగి వచ్చాక రెండోదీ పోయింది. 1771లో ఇల్లు కాలిపోతుంటే బాసెల్‌వాడే అయిన ఒక పనివాడు ఆయన్ని మంటల్లోంచి బయటికి మోసుకొచ్చాడు. 1773లో భార్య కాతరీనా కన్నుమూశారు. వారికి పుట్టిన 13 మంది బిడ్డల్లో బాల్యం దాటినవారు ఐదుగురే. అయినా ఆయన రచనల్లో దాదాపు సగం, చూపు పోయాక కొడుకుకూ శిష్యులకూ చెప్పి రాయించినవే. సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి కుటుంబ ప్రార్థన జరిపించేవారు.

ఆయిలర్ ఏదో సూత్రం చెప్పి, దేవుడు లేడనే డిడెరోను సభలో నోరు మూయించారన్న కథ ప్రసంగాల్లో వినబడుతుంటుంది. చరిత్రకారులు దాన్ని నమ్మరు. డిడెరోకు గణితం బాగానే వచ్చు. ఆయిలర్ భక్తికి ఆ కట్టుకథ ఆసరా అక్కరలేదు.

చూపులేని ఆ చివరి ఏళ్లలోనే, 1779లో, మరో ప్రశ్న ఎత్తుకున్నారు. ఆరు రెజిమెంట్ల నుండి ఆరేసి హోదాల వారు, మొత్తం 36 మంది అధికారులు. ప్రతి అడ్డ వరుసలో, ప్రతి నిలువు వరుసలో ఏ రెజిమెంటూ, ఏ హోదా రెండుసార్లు రాకుండా వారిని చదరంగా నిలబెట్టగలమా? కుదరదన్నారు. 10, 14, 18 వంటి సంఖ్యలకూ కుదరదనే అనుకున్నారు గాని, రుజువు ఉందని చెప్పుకోలేదు. 1783 సెప్టెంబరు 18న, కొత్తగా కనుగొన్న యురేనస్ గ్రహం గురించి మాట్లాడిన రోజునే, మెదడులో రక్తస్రావమై మరణించారు.

ఆరు విషయంలో ఆయన మాట నిజమేనని 1901లో ఫ్రాన్సుకు చెందిన గాస్తన్ టారీ రుజువు చేశారు. మిగతా సంఖ్యల సంగతి వేరు. ఏ మడిలో ఏ పంట వేసి పోల్చాలన్న వ్యవసాయ ప్రయోగాల లెక్కల్లో కలకత్తాలో ఆరితేరిన ఆర్.సి. బోస్, మరో భారతీయుడు ఎస్.ఎస్. శ్రీఖండే, అమెరికన్ పార్కర్‌తో కలిసి 1959లో ఆయిలర్ ఊహ తప్పని చూపించారు. 2, 6 తప్ప అన్నిటికీ ఆ అమరిక కుదురుతుంది.