తిండికి ఉంటే చాలన్నారు.. రామానుజన్‌కి నెలకు రూ.25 పంపిన నెల్లూరు కలెక్టర్!

1910 చివర్లో సంగతి ఇది. 23 ఏళ్లు నిండీ నిండని ఓ కుర్రాడు నోట్‌బుక్ చంకన పెట్టుకుని నెల్లూరు కలెక్టర్‌ని కలిశారు. ఉద్యోగం లేదు. కాలేజీ పరీక్షలు ఫెయిల్. అప్పటికే పెళ్లయింది. ఆయనే శ్రీనివాస రామానుజన్.

1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో పుట్టి, కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. లెక్కల పిచ్చిలో పడి మిగతా సబ్జెక్టులు వదిలేయడంతో స్కాలర్‌షిప్ కూడా పోయింది.

అప్పటి నెల్లూరు కలెక్టర్ ఆర్.రామచంద్రరావుకీ లెక్కలంటే ప్రాణం. ఆ నోట్‌బుక్ చూసి మొదట ఏమీ అర్థం కాలేదు. మళ్లీ మళ్లీ మాట్లాడాకే నమ్మకం కుదిరింది. రామానుజన్ అడిగింది ఒక్కటే.. తిండికి లోటు లేకుండా లెక్కలు చేసుకునే తీరిక. నెల్లూరు లాంటి చిన్న ఊళ్లో ఉంచేస్తే ఇలాంటి మేధావికి అన్యాయమని కలెక్టర్ ఆయన్ను మద్రాసులోనే ఉండమన్నారు. నెలకు రూ.25 సొంత డబ్బు ఇచ్చారు. కానీ ఎన్నాళ్లని ఒకరి మీద ఆధారపడతారు? 1912లో రామానుజన్ మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా చేరిపోయారు. జీతం రూ.30.

1913లో కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశారు. మరుసటి ఏడాదే ఓడెక్కారు.

రామానుజన్ అనగానే అందరూ ట్యాక్సీ నంబర్ 1729 గురించే చెబుతారు. అసలు పెద్ద పని వేరే ఉంది. డజను అరటిపండ్లనే తీసుకోండి. ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి.. ఎలా పంచినా మిగలవు. 12కి మొత్తం 6 భాజకాలు. అంతకంటే చిన్న ఏ సంఖ్యకూ అన్ని లేవు. రోజుకి 24 గంటలు, గంటకి 60 నిమిషాలు.. ఈ 24, 60 కూడా ఆ కోవలోవే. ఇలాంటి సంఖ్యల మీదే 1915లో రామానుజన్ పెద్ద పరిశోధనా పత్రం ప్రచురించారు.

కాలిక్యులేటర్ లేని రోజుల్లో ఆయన వేసిన జాబితా ఎక్కడిదాకా వెళ్లిందో తెలుసా? 67,46,32,83,88,800 వరకు. అంటే దాదాపు 6.75 లక్షల కోట్లు. దీనికి ఏకంగా 10,080 భాజకాలు!

జాబితాలో ఉన్నవి 102 సంఖ్యలు. మధ్యలో ఒకటి మాత్రం తప్పిపోయింది. అది 2,93,31,86,25,600. విచిత్రం ఏంటంటే, జాబితాలోని చివరి సంఖ్యను 23తో భాగిస్తే వచ్చేది సరిగ్గా ఇదే.

ఈ పరిశోధనకే 1916లో కేంబ్రిడ్జ్ డిగ్రీ వచ్చింది. పదో తరగతి తర్వాత ఇక్కడ ఒక్క పరీక్షా గట్టెక్కని మనిషికి! 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అప్పటికే ఆరోగ్యం బాగా దెబ్బతింది. 1919లో తిరిగొచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. వయసు 32.

1915 పత్రంలో కొంత భాగం అప్పట్లో అచ్చు కాలేదు. యుద్ధకాలం, సొసైటీ దగ్గర డబ్బుల్లేవు. ఆ మిగిలిన పేజీలు 1997లో వెలుగు చూశాయి.