తన భాష మొరటుదని బాధపడ్డ ప్యాట్రిక్

హోసూరులో మా సంఘం ఏటా మార్చి మొదట్లో ఉగాది ఏర్పాట్ల సమావేశం పెట్టుకుంటుంది. మామిడాకులు ఎవరు తెస్తారు, వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది, పంచాంగ శ్రవణానికి ఎవరిని పిలవాలి, ఇవే మాటలు. ఒక ఏడాది ఆ సమావేశంలో పెద్దాయన ఒకరు సెల్‌ఫోన్‌లో వీడియో చూపించారు. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మనవడు పంపించాడట. వీధినిండా పచ్చ టోపీలు, పచ్చ చొక్కాలు, బ్యాండు మేళాలు. ఏం పండుగ అని అడిగితే సెయింట్ ప్యాట్రిక్ పండుగ అన్నారు. ఆ ప్యాట్రిక్ ఎవరంటే మాలో ఎవరికీ తెలియదు. ఉద్యోగమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తా ప్రాణం మాది, కాగితం చూడనిదే నిద్ర పట్టదు. చదివి తెలుసుకున్నది పాఠకులతో పంచుకుంటున్నాం. మనబోటి వాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది.

ముందుగా ఒక మాట. ఐర్లాండ్ పండుగకు పేరిచ్చిన ప్యాట్రిక్ ఐర్లాండ్‌లో పుట్టినవాడు కాదు. 5వ శతాబ్దానికి చెందినవాడు. అప్పటిదాకా రోమన్ల ఏలుబడిలో ఉన్న బ్రిటన్ ఆయన సొంత దేశం. తండ్రి కల్పూర్నియస్ చర్చిలో డీకన్, తాత పొటిటస్ పూజారి. కలిగిన కుటుంబమే. కుర్రవాడికి చదువు మీద గానీ, దేవుడి మీద గానీ అంత ధ్యాస ఉండేది కాదు.

పదహారో ఏట ఐర్లాండ్ నుంచి వచ్చిన దోపిడీ మూక ఆయన్ను ఎత్తుకుపోయింది. ఆయనతోపాటు ఎంతోమంది బందీలయ్యారు. సముద్రం దాటించి బానిసను చేశారు. ఆరేళ్లపాటు మందలు కాశాడు. మంచులో, వానలో, చలిలో తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసుకోవడం అక్కడే అలవాటైంది. చుట్టూ ఉన్నవాళ్ల మాట వేరు. బడిలో లాటిన్ నేర్చుకునే వయసంతా ఆ పరాయి మాటల మధ్యే గడిచిపోయింది.

ఆరేళ్లయ్యాక ఒక రాత్రి కలలో ఓడ సిద్ధంగా ఉందని ఎవరో చెప్పినట్లు అనిపించి పారిపోయాడు. దాదాపు రెండు వందల మైళ్లు వెళ్లి రేవు చేరాడు. ఓడవాళ్లు మొదట ఎక్కించుకోమన్నారు, తరువాత మనసు మార్చుకున్నారు. ఎన్నో తిప్పలు పడి చివరికి ఇల్లు చేరాడు. పోయిన కొడుకు తిరిగొచ్చాడని తల్లిదండ్రులు పొంగిపోయారు. ఇక ఎక్కడికీ వెళ్లవద్దని బతిమాలారు.

కథ ఇక్కడే ఆగి ఉంటే ఆయన పేరు మనదాకా వచ్చేది కాదు. ఇంకో రాత్రి కలలో విక్టోరికస్ అనే మనిషి ఐర్లాండ్ నుంచి ఉత్తరాల కట్ట పట్టుకొచ్చాడు. ఒక ఉత్తరం అందుకుని చదువుతుంటే అక్కడి జనమంతా తనను మళ్లీ రమ్మని పిలిచినట్లు వినిపించింది. తనను బానిసగా అమ్ముకున్న దేశానికి ప్యాట్రిక్ తనంతట తానే తిరిగి వెళ్లాడు, ఈసారి బిషప్‌గా. మిగతా జీవితమంతా అక్కడే గడిపాడు. కన్నవారిని, సొంత ఊరిని చూడాలని ఉన్నా చేతిలో పని వదల్లేకపోయాడు.

ఆ పని నల్లేరు మీద నడక కాలేదు. చిన్నప్పటి తప్పు ఒకటి నమ్మి చెప్పుకుంటే, ఆ స్నేహితుడే దాన్ని పెద్దల ముందు బయటపెట్టాడు. చదువు చాలదన్నారు. డబ్బు కోసం వెళ్లాడని కూడా నింద వేశారు. దానికి ఆయన ఇచ్చిన జవాబు మా గుమాస్తా మనసుకు బాగా పట్టింది. ఎవరి దగ్గరైనా చెప్పుల ఖరీదంత తీసుకుని ఉంటే చెప్పండి, తిరిగి ఇచ్చేస్తానన్నాడు. భక్తితో ఆడవాళ్లు పీఠం మీద ఉంచిన నగలను కూడా, వాళ్లు నొచ్చుకున్నా సరే, వెనక్కి ఇచ్చేశాడు.

కొరోటికస్ అనే నాయకుడి సైనికులు, ప్యాట్రిక్ చేతుల మీదుగా అప్పుడే బాప్తిస్మం పొందిన వాళ్లమీద పడి కొందరిని చంపారు, కొందరిని పట్టుకుపోయి అమ్మేశారు. ప్యాట్రిక్ ఊరుకోలేదు. ఆ సైనికులను తీవ్రంగా తప్పుపడుతూ, బందీలను విడిచిపెట్టమంటూ బహిరంగ లేఖ రాశాడు. బానిసగా బతికి బయటపడ్డ మనిషి రాసిన ఉత్తరం అది. ఆ కాలంలో అలాంటి గొంతు అరుదు.

ఆ లేఖ, కన్ఫెషియో అని పిలిచే ఆత్మకథ లాంటి రచన, ఆయనవిగా మనకు మిగిలినవి ఈ రెండే. కన్ఫెషియో మొదట్లోనే ఆయన తన సిగ్గు చెప్పుకున్నాడు. తన లాటిన్ మొరటుదని, తోటివాళ్లలా చదువుకునే అదృష్టం లేకపోయిందని, తన మాట పరాయి భాషలోకి మారిపోయిందని, అందుకే రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటూ జంకుతూ వచ్చానని చెప్పుకున్నాడు. చివరికి జంకును పక్కనపెట్టి రాశాడు. 9వ శతాబ్దం మొదట్లో దానికి తీసిన నకలు ఒకటి డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో నేటికీ ఉంది. ఐర్లాండ్ నుంచి పాముల్ని తరిమేశాడనడం కథ. ఆ దీవిలో పాములే లేవు. మూడాకుల షామ్‌రాక్ చూపించి త్రిత్వాన్ని బోధించాడనేదీ ఎన్నో వందల ఏళ్ల తరువాత పుట్టిన కథే. అసలు మనిషి తెలిసేది ఆయన మొరటుదనుకున్న ఆ లాటిన్‌లోనే.

ఆయన కన్నుమూసిన రోజుగా మార్చి 17ను పాటిస్తారు. ఆ రోజును ఊరేగింపుల పండుగగా మార్చింది ఎక్కువగా దేశం విడిచిన ఐరిష్ వాళ్లు. బోస్టన్‌లో 1737లో ఐరిష్ వాళ్లు కూడి విందు చేసుకున్నారు. న్యూయార్క్‌లో 1762లో బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ సైనికులు ఊరేగింపు తీశారు. 1840ల చివర్లో బంగాళాదుంప పంట కుళ్లి కరువు వస్తే దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. వెళ్లినచోటల్లా ఈ పండుగ వాళ్ల గుర్తింపు అయింది. చికాగోలో 1962 నుంచి నదికి పచ్చరంగు కలుపుతున్నారు. మురుగు ఎక్కడినుంచి కలుస్తోందో పట్టుకోవడానికి ప్లంబర్లు వాడే రంగుతో మొదలైన ఆచారమది. అమెరికాలో ఆ రోజు తినే కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ కూడా వలస వెళ్లినచోట స్థిరపడ్డ వంటే.

ఐర్లాండ్‌లో మాత్రం చాలాకాలం అది గుడికి వెళ్లే రోజు. 1903లో చట్టం చేసి సెలవు ఇచ్చారు. 1960 దాకా ఆ రోజు మద్యం దుకాణాలు మూసే ఉండేవి. ఇప్పుడు డబ్లిన్‌లో చూసే పెద్ద ఉత్సవం 1996లో మొదలైంది.

కరీబియన్ సముద్రంలోని మాంట్‌సెరాట్ దీవిలోనూ మార్చి 17 సెలవు దినమే, కారణం మాత్రం వేరు. అక్కడ ఐరిష్ యజమానులు కూడా బానిసలను ఉంచుకున్నారు. యజమానులు పండుగ మత్తులో ఉంటారని 1768లో బానిసలు అదే రోజున తిరుగుబాటుకు ముహూర్తం పెట్టుకున్నారు. గుట్టు బయటపడింది, నాయకులను ఉరితీశారు. ఇప్పుడు ఆ దీవి ఆ రోజు వాళ్లను తలుచుకుంటుంది. బానిసగా బతికిన ప్యాట్రిక్ పండుగను నిజంగా అర్థం చేసుకున్నది వాళ్లేనేమో అనిపిస్తుంది మాకు.

ఇంత పెద్ద పండుగ నిలిచింది, భాష మాత్రం జారిపోయింది. 2022 జనగణన ప్రకారం యాభై లక్షలు దాటిన ఐర్లాండ్ జనాభాలో, బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు సుమారు 72 వేల మందే. అందుకే అక్కడివాళ్లు మార్చి 1 నుంచి 17 దాకా ఐరిష్ భాషా ఉత్సవం కూడా జరుపుతున్నారు. వచ్చిన నాలుగు మాటలైనా ఆ రోజుల్లో వాడమని అడుగుతున్నారు. టోపీ పెట్టుకోవడం తేలిక, మాట నిలబెట్టుకోవడం కష్టమని వాళ్లకు తెలిసింది.

ఇక మా సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా ఉగాది వేదిక మీద పదకొండేళ్ల పాప తన ఊరి గురించి తెలుగులో చెప్పింది. తర్వాత అనాల్సిన ప్రతిచోటా అప్పురం అంది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. మేమూ నవ్వాం. మరుసటి ఏడాది ఆ పాప వేదిక ఎక్కలేదు. పేరు పిలిచినా తల్లి కొంగు పట్టుకుని కదల్లేదు. ఆ నవ్వు ఖరీదు ఎంతో మాకు అప్పుడు తెలియలేదు.

తన భాషకు సిగ్గుపడి ప్యాట్రిక్ కలం ముట్టకుండా ఉండి ఉంటే, లోకానికి పాముల కథ తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. మన ఇళ్లలోనూ అంతే. తమిళం కలిసినా, కన్నడం కలిసినా, ఒడియా, మరాఠీ కలిసినా అది మన తెలుగే. తాత ఏ ఊరినుంచి వచ్చాడో, ఏ పని చేశాడో, అవ్వ ఏ పాట పాడేదో, వచ్చిన తెలుగులో ఇంటికి ఒక పేజీ రాయండి. రాయడం రాకపోతే చెప్పండి, మేము రాసుకుంటాం. ఈసారి ఉగాది సభలో వాటిని చదివిస్తాం. ఎవరైనా నవ్వితే ఆపే బాధ్యత మాది.

ఆ పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. మొదటి పేజీ తననే అడగాలని అనుకుంటున్నాం.