తర్కం నేర్పిన అన్నంభట్టు

అన్నంభట్టు గారి స్వగ్రామం ఉమ్మడి కృష్ణా జిల్లాలోని గరికపాడని పెద్దలు చెబుతారు. 17వ శతాబ్దంలో కాశీ చేరి మహాపండితులయ్యారు. కాశీ వెళ్ళిన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడనే నానుడి పుట్టింది. వ్యాకరణం, మీమాంస, వేదాంతాల మీద గ్రంథాలు రాసినా, ఆయన పేరు నిలిపింది మాత్రం తర్కం కొత్తగా నేర్చుకునేవారి కోసం రాసిన చిన్న పుస్తకం ‘తర్కసంగ్రహం’. దానికి ‘దీపిక’ అనే వ్యాఖ్య కూడా ఆయనదే.

కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉన్నట్టే. వంటింట్లో రోజూ చూస్తున్నదే. కాని నిప్పు ఉంది కనుక పొగ ఉందంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పే గాని పొగ ఉండదు. తడి కట్టె తోడైతేనే పొగ. ఇలాంటి హేత్వాభాసాలు ఐదని వివరించారు.

సర్వీసులో ఒకసారి నగదు తగ్గితే, తాళంచెవి ఉన్న గుమాస్తాయే తీశాడని నేను నోటు రాశాను. తీసినవాడికి తాళంచెవి కావాలి, నిజమే. తాళంచెవి ఉన్నవాడల్లా దొంగ కాడు. చివరికి లెక్కల కూడికలో తప్పు దొరికింది. అప్పటికే అతను సస్పెండయ్యాడు.

ఈ పుస్తకం రిటైరయ్యాక చదివాను. మీ మనవలు ముందే చదవాలి.