పల్లావరం కంకర గుంతలో దొరికిన రాయి

చెన్నై విమానాశ్రయం పక్కనున్న పల్లావరంలో 1863 మే 30న, ఎర్రకంకర తవ్విన గుంతలో రాబర్ట్ బ్రూస్ ఫూట్‌కు ఒక రాతి చేతిగొడ్డలి దొరికింది. భారతదేశంలోనూ పాతరాతియుగపు మనుషులు బతికారని దానితోనే రుజువైంది.

1834లో ఇంగ్లండులో పుట్టిన ఫూట్, 1858లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి మద్రాసు వచ్చారు. రాళ్లు, నేలపొరలు పరిశీలించడమే ఆయన ఉద్యోగం. అయినా కంటబడిన ప్రతి పనిముట్టునూ ఏరి, ఎక్కడ దొరికిందో రాసిపెట్టేవారు. చోటు తెలియని రాయి ఎంత పాతదైనా చరిత్ర చెప్పలేదు కదా!

అదే ఏడాది సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి నేటి తిరువళ్లూరు జిల్లా అత్తిరంపాక్కంలోనూ ఇలాంటి పనిముట్లు కనుగొన్నారు. అక్కడివి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

తెలుగువారితోనూ ఆయనకు అనుబంధం ఉంది. మామగారు పీటర్ పెర్సివల్ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు కూర్చారు. ఇక 1884లో ఫూట్ బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు చేపట్టారు. సైన్యంలో ఉన్న కొడుకు హెన్రీ వాటిని కొనసాగించాడు. ప్రాచీన జంతువుల ఎముకలు బయటపడ్డాయి.

1904లో ఫూట్ సేకరణను మద్రాసు మ్యూజియం కొన్నది. ఆయన 1912లో కన్నుమూశారు.

పల్లావరంలో ముందు గుంత తవ్వారు, తర్వాతే ఫూట్ వచ్చారు. అంతకుముందే కంకరతోపాటు ఎన్ని గొడ్డళ్లు బండ్లకెక్కి పోయాయో! నేడు బేతంచెర్ల అంటే ఇళ్లలో పరిచే బండలే గుర్తొస్తాయి. అక్కడైనా క్వారీకి అనుమతి ఇచ్చేముందే ఫూట్ లాంటివారిని పంపి చూపించాలి.